రక్తము నంటు లోహము

రక్తమునకు పరవస్తువు గిట్టదు. నాళముల లోపలిపొర నంటి పారునంతవరకు అది ద్రవముగానే యుండును. లోహముగాని, ప్లాస్టిక్కుగాని తగిలినంతనే రక్తమునందలి మాంసకృత్తులు దానిపై పొరగా నంటుకొనును; వానిమీద ప్లేట్‌లెట్లను సూక్ష్మకణములు గుమిగూడును; పిమ్మట గడ్డ కట్టును. గాయమైనపుడు ప్రాణము నిలుపు నీ గుణమే గుండెధమనిలో నుంచిన స్టెంటుపై ప్రవర్తించినచో ప్రాణము తీయును. కావున లోహమెంత గట్టిదని విచారించుటతోపాటు దాని పైపూత యెట్టిదని విచారించుటయు నవసరము. ఇది వైద్యులు మాత్రమే తేల్చుకొనవలసిన సంగతియని కొందరందురు. మేమట్లు తలపము. ప్రజాధనముతో కొను వస్తువునుగూర్చి ప్రశ్నించు హక్కు ప్రజలకు గలదు.

ఈ విద్య యొకనాటిది కాదు. 1916లో అమెరికాయందు జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి, రక్తము గడ్డకట్టకుండ జేయు పదార్థమును కనుగొనెను. హెపారిను చరిత్రకు అదియే ఆరంభము. 1963లో విన్సెంటు గాట్ అను శస్త్రవైద్యుడు దానిని గ్రాఫైటుపై పూతగా నిలిపి చూపెను. ఆ దశకముననే జాక్ బోక్రోస్ అను నిపుణుడు, అణు ఇంధనపు రేణువులకై సిద్ధపరచిన కర్బనపు పూతను కృత్రిమ హృదయకవాటములకు పనికివచ్చునట్లు మలచెను.

మన దేశమును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తిరువనంతపురపు శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టరు వలియత్తాన్‌గారి బృందము స్వదేశీ కవాటమునకై యేండ్ల తరబడి శ్రమించెను. నీలమణిబిళ్ల సైతము పగిలిపోగా, గట్టి ప్లాస్టిక్కుబిళ్లతో సాధించిన కవాటమును 1990 డిసెంబరు 6న మొదటి రోగి కమర్చిరి. హైదరాబాదున అబ్దుల్ కలాముగారును, హృద్రోగ వైద్యులు సోమరాజుగారును కలసి 1990 దశకమున తక్కువ వెల స్టెంటును సిద్ధపరచిరి. అది పూత లేని లోహపు స్టెంటు.

పూత లేని స్టెంటు చుట్టు ధమనిగోడ మరల పెరిగి దారి మూయుట కద్దు. దానిని నివారించుటకు మందుపూత గల స్టెంట్లు వచ్చినవి. అమెరికా ప్రభుత్వము 2003లో వాని కనుమతి నిచ్చెను. వైద్యలోకము హర్షించెను. కాని 2006 నాటికి మరియొక సంగతి బయటపడెను. ధమని మూసికొనకుండ ఆపిన మందే లోపలిపొర మానుటను సైత మాలస్యము చేయుటచే, కొందరికి ఏడాది గడచిన పిమ్మటను గడ్డ కట్టెను. తరువాతి పూతలు ఈ దోషమును చాలవరకు సవరించినవి. అమ్మకందారుని మాటపై నేపూతనైనను నమ్మరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున ఒక న్యాయవాది వేసిన వ్యాజ్యము ఫలితముగా 2016లో స్టెంట్లు అత్యవసర ఔషధముల పట్టికకెక్కినవి. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము లోహపు స్టెంటునకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటునకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించెను. భేదము 22,340 రూపాయలు. అనగా స్టెంటు వెలలో పెద్దపాలు పూతకే పోవుచున్నది. అంత వెలపెట్టి కొనుదానిని పరీక్షింపకుండ కొనుట యే ధర్మము?

ఈ ప్రశ్న మడకశిరకు దూరమైనది కాదు. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న తొలుత ప్రవేశపెట్టిన మూడు జిల్లాలలో అప్పటి మన అనంతపుర మొకటి. వానలు లేక వేరుసెనగ ఎండిన యేడును రైతుగుండెకు జబ్బు రాక మానదు. స్టెంటు వేయించుకొని బెంగుళూరునుండియో అనంతపురమునుండియో తిరిగివచ్చిన రైతు, చేతిలో డబ్బు లేక మాత్రలు మానినచో, పూత యెంత మంచిదైనను ప్రమాదము తప్పదు. లోహకవాటము గలవాడు జీవితాంతము రక్తము పలుచన జేయు మాత్రలు మ్రింగుచు పరీక్ష చేయించుకొనవలెను.

కావున మేము కోరున దిది. మొదటిది: స్టెంటు పేరు, పూతమందు, తయారీసంఖ్య, మాత్రలు వాడవలసిన కాలము తెలుగున వ్రాసిన పత్రము ప్రతిరోగికి నీయవలెను. రెండవది: రక్తము గడ్డకట్టు కాలము చూచు పరీక్షయు, ఆ మాత్రలును తాలూకా ఆసుపత్రిలోనే ఎడతెగక దొరకవలెను. మూడవది: వైద్యపరికరములవలన కలుగు కీడును నమోదుచేయుటకు 2015లో దేశమంతటికి నేర్పరచిన పథకమునకు, ప్రతి ఆసుపత్రియు దాపరికము లేక వ్రాయవలెను. నాలుగవది: ప్రభుత్వము స్వదేశీ పరికరమునకే మొగ్గు చూపవలెను, కాని పరీక్షాఫలితములు ప్రకటించినవానికే.

ఇన్ని నిబంధనలు పెట్టిన స్వదేశీ పరిశ్రమ క్రుంగునని కొందరి శంక. అది నిజము కాదు. విశాఖపట్టణమున వైద్యపరికరముల తయారీకి, పరీక్షకు ప్రత్యేకముగా ఒక ప్రాంగణమే వెలసినది. శ్రీచిత్ర కవాటము లక్షమందికి పైగా అమరినది పరీక్షలకు వెరచుటచే కాదు, నిలుచుటచే. స్వదేశి యనగా నాసిరకమును సహించుట కాదు. పఠనమందిర సభ్యులు ఈ నాలుగు కోరికలను తీర్మానముగా జేసి శాసనసభ్యునికి, జిల్లా వైద్యాధికారికి పంపుదురుగాక. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.