నేల చూసుకుని పోరాడదాం

మన కోనసీమ జిల్లా, మన్యంలోని అల్లూరి సీతారామరాజు జిల్లా ఒకే రోజున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. అల్లూరి అనగానే మనకు విల్లంబులు గుర్తొస్తాయి. ఆయన పోరు నడిపిన తీరు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. రైతు సంఘానికి పనికొచ్చేది అదే.

మన్యం వాళ్ల బాధ కూడా సాగు బాధే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది. రోడ్డు పనుల్లో వెట్టి, చాలీచాలని కూలి. ముఠాదారీ పోయిన గాం గంటం దొర, మల్లు దొర సోదరులు రాజు పక్కన నిలిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్లారు. తమకు లేని ఆయుధం ఎదుటివాడి దగ్గరే సంపాదించారు.

సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కాపు కాశారు. ముందు నడిచిన మనవాళ్లను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఎవరి మీద పోరో, ఎవరి మీద కాదో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో మాత్రం లూయిస్ గన్ ముందు దళం దెబ్బతింది. అడవిలో చిక్కనివాళ్లు చదును నేలలో చిక్కారు. 1924 మే 7న రాజును కాల్చి చంపాక పోరు ఎక్కువ కాలం నిలవలేదు.

ఇక మన సంగతి. మనకు కొండల్లేవు. చేలు, కాలువలు, పూడిపోయిన డ్రెయిన్లు ఉన్నాయి. 2011 ఖరీఫ్‌లో క్రాప్ హాలిడే ప్రకటించి మన నేల మీదే పోరాడాం. దేశం ఇటు చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కానీ ఊడ్పులు లేకపోతే కూలీకి పని లేదు, కౌలు రైతుకు గింజ లేదు. దామనపల్లిలో వాళ్లు పడిన జాగ్రత్త మనం పడలేదు. ఇది ఒప్పుకోవాలి.

నారుమళ్లు మునిగిన ప్రతిసారీ మళ్లీ క్రాప్ హాలిడే అంటున్నాం. అనే ముందు మూడు పనులు చేద్దాం. కౌలు రైతును, కూలీని మన పక్కన కూర్చోబెట్టి వాళ్ల మాట విందాం. డ్రెయిన్ల పూడికతీత, సకాలంలో ధాన్యం సొమ్ము, ఈ రెండింటి మీదే గట్టిగా నిలబడదాం. ఊరికి ముగ్గురు బాధ్యులను పెట్టుకుందాం. ఒక్క నాయకుణ్ణి పట్టుకెళ్తే ఆగిపోయే పోరాటం మనకొద్దు.