పెద్దాసుపత్రి - చిన్నాసుపత్రి

చెరువుకట్టకు బుంగ పడినదని నీరుగంటి వచ్చి చెప్పినప్పుడు, రెండు తట్టల మన్నుతో తీరు పనిని ఉపేక్షించి, గండి పడిన రాత్రి ఊరెల్ల మేల్కొలిపి పరుగులిడు రైతును మన పెద్దలు తెలివిగలవాడనరు. గండి పూడ్చవలదని కాదు. పూడ్చకున్న ఊరు మునుగును. కాని, ఏటేట గండ్లు పూడ్చుటయే చెరువు మరమ్మతని భ్రమించు గ్రామమునకు పంట దక్కదు. ఆరోగ్యవిషయమున నేడు మన నాట జరుగుచున్నది ఇదియే.

మార్గము తెలియక జరిగిన పొరపాటు కాదిది. 1943లో నియమింపబడిన సర్ జోసెఫ్ భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికయందు, డబ్బు లేదన్న కారణమున ఎవ్వరికిని వైద్యము దక్కకుండరాదని చెప్పి, మొదటి మెట్టుగా 40,000 జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెనని సూచించెను. రోగమునకు మందిచ్చుటయు, రోగము రాకుండ కాచుటయు ఒకేచోట జరుగవలెనని దాని ఆశయము. తరువాత ఏర్పడిన ప్రభుత్వప్రమాణము మైదానములందు 30,000, కొండప్రాంతములందు 20,000 జనమునకు ఒక కేంద్రము. 1978లో ఆల్మా ఆటాయందు సమావేశమైన ప్రపంచదేశములు ఈ మార్గమునే అంగీకరించినవి. 2017 నాటి జాతీయారోగ్యవిధానము, ఆరోగ్యమునకు వెచ్చించు ధనమున మూడింట రెండువంతులు ప్రాథమిక వైద్యమునకే చెందవలెనని పలికినది. పలుకులకు కొదువలేదు.

ఇక రెండవ ప్రక్కను చూతము. 2005 ఆగస్టు 15న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 వాహనములు బయలుదేరినవి. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. రహదారిపై నెత్తురు కారుచు పడియున్న అనాథను ఎత్తికొనిపోవు బండిని, పేదవాని గుండెకు శస్త్రచికిత్స చేయించు పథకమును మేము నిందింపము. అవి తెలుగునాటికి గర్వకారణములు. కాని, ఇరువదియేండ్లు రక్తపోటును కొలిపించుకొనక, కొలిపించుకొనినను మందు వాడక, తుదకు పక్షవాతముతో కూలిన రైతును బండి యెంత వేగముగ చేర్చినను, పడిపోయిన చేయి మరల నాగలి పట్టునన్న నమ్మకము లేదు. ఊరిలోనే నెలనెల కొలిచి యిచ్చు మాత్రల ఖరీదు స్వల్పము. ఆ పక్షవాతమో ఎకరములను అమ్మించి కాపురమును కూల్చును. రెంటిలో నేది మేలో జమాఖర్చులు వ్రాసికొను గృహస్థులకు మేము చెప్పవలెనా?

అయినను జనులు తలక్రిందుగ నడచుచున్నారు. ఒకనాటి జ్వరమునకు, పిల్లవాని జలుబునకు, పుండు కట్టునకు బస్సెక్కిపోయి పెద్దాసుపత్రి అత్యవసర విభాగమున వరుస కట్టుచున్నారు. ఆ వరుస వెనుక, లారీ క్రింద పడి కాలు నలిగినవాడు వైద్యునికొరకు ఎదురుచూచుచున్నాడు. మరి, గడియ యాలస్యమైనను తగని వేళలందు చేయునదేమి? ఎద బరువెక్కి చెమటలు పట్టినవానిచే, వాయువని, వాము నమిలించుచున్నారు. పాము కరచినవానికి తాడు బిగించి మంత్రగాని యింటికి మోసికొనిపోవుచున్నారు. మూతి వంకరపోయి మాట తడబడినవానిని తెల్లవారనిండని పరుండబెట్టుచున్నారు. మెదడున గడ్డకట్టిన నెత్తురును కరగించు మందు 4½ గంటలలోపల పడవలెను. అదియు మెదడును చిత్రము తీసి చూచు సాధనముగల ఆసుపత్రియందే. గుండెపోటునకు ప్రతి నిమిషమును విలువైనదే. పాముకాటునకు విరుగుడు ప్రాథమిక కేంద్రమునందు సైతము నిలువయుండవలెనని ప్రభుత్వప్రమాణములే చెప్పుచున్నవి. ఇట్టి ఆపదలందు క్షణము తడయక 108ని పిలువవలెను. తక్కిన రోగములకు చిన్నాసుపత్రియే మొదటి వాకిలి కావలెను.

ఇదంతయు జనుల అజ్ఞానమని త్రోసివేయుట సులభము. న్యాయము మాత్రము కాదు. కూలికి పోయినవాడు పొద్దుగూకి వచ్చునప్పటికి అనేకచోట్ల కేంద్రము తలుపులు మూసియుండును. ఒకనాడు వైద్యుడుండడు, ఒకనాడు మందుండదు. రెండుమారులు వట్టిచేతులతో తిరిగివచ్చినవాడు మూడవమారు పోడు. పెద్దాసుపత్రికి పోయిన ఎవరో ఒకరు చూడకపోరని అతడనుకొనినచో ఆ తర్కమును ఖండించుట మా తరము కాదు.

అయితే, ఆ తలుపులు మూసియున్నను అడుగువాడు లేకపోవుటకు కారకులెవరు? ఈ పంక్తులు చదువుచున్న మనమే. ఊరి పెద్దలు, పట్టణపు వకీళ్లు, ఉద్యోగులు ఏనాడో ఆ గడప త్రొక్కుట మానిరి. మనకు కారున్నది, నగరమున ఎరిగిన డాక్టరున్నాడు. కాలువకు నీరు రాకున్న కలెక్టరు కచేరీకి పోవు మనము, కేంద్రమున నర్సు లేదని ఒక్క అర్జీయైన వ్రాయము. పెద్దలు విడిచిన బడి యెట్లు పాడుపడినదో, పెద్దలు విడిచిన ఆసుపత్రియు అట్లే పాడుపడుచున్నది. ఈ దోషమునకు మేమును వెలి కాము.

ప్రభుత్వములను మేము కోరునది బండ్ల చక్రములు ఊడదీయుమని కాదు. తాము ఒప్పుకొనిన మూడింట రెండువంతులను కాగితమునుండి గ్రామమునకు దింపుడు. కూలివాడు తిరిగివచ్చు సాయంకాలవేళ కేంద్రమును తెరచియుంచుడు. ఉన్న మందుల పట్టికను గుమ్మమునకు వ్రేలాడదీయుడు అని మాత్రమే మా విన్నపము.

చదువరులను కోరునది అంతకన్న స్వల్పము. ఈ వారమే మీ యూరి కేంద్రమునకు పొండు. మీ రక్తపోటును అక్కడనే చూపించుకొనుడు. మీ మనుమనికి టీకా అక్కడనే వేయించుడు. వైద్యుడు లేకున్న ఎందుకు లేడో అడుగుడు. ఆసుపత్రి అభివృద్ధిసంఘము చివర కూడినదెప్పుడో విచారింపుడు. మీరు కూర్చుండు బల్లపైననే మీ పాలేరును కూర్చుండును. మీకు మందు దొరకువరకు మీరు ఊరకుండరు గనుక అతనికిని మందు దొరకును. బుంగ చిన్నదిగానున్నప్పుడే మన్ను వేయుడని మన తాతలు చెప్పిన మాట చెరువునకు మాత్రమే కాదు.