చెవికి రెండో కుట్టు



నడికుడి నుంచి ఆరో తరగతి చదివే ఒక చెల్లాయి ఇలా వ్రాసింది: "అన్నయ్యా! మా అమ్మమ్మకు ఒక్కొక్క చెవికి నాలుగేసి కుట్లున్నాయి. నాకు ఒక్కటే. పై చెవికి ఇంకొకటి కుట్టించమంటే అమ్మ వద్దంటున్నది. ఎందుకంటే చెప్పదు. నువ్వైనా చెప్పు."

చెల్లాయీ, మీ అమ్మగారి మాటకు నేను అడ్డం రాను. కాని వద్దన్నప్పుడు కారణం కూడా చెప్పాలి. అది నేను చెబుతాను, పెద్దలు కూడా వినాలి.

ముందు నీ చెవిని వేళ్ళతో తడిమి చూడు. కింద మెత్తగా వున్నది తమ్మె. అందులో రక్తనాళాలు బాగా వున్నాయి. పైన గట్టిగా, వంచి వదిలితే మళ్ళీ నిలబడేది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. దాన్ని కప్పివున్న పలుచని పొర నుంచే దానికి ఆహారం అందాలి. గాయాన్ని మాన్పేదీ, సూక్ష్మజీవులతో పోరాడే కణాలను తెచ్చేదీ రక్తమే గదా! అందుచేత తమ్మెకు కుట్టినది 6 నుంచి 8 వారాల్లో మానితే, పై చెవికి కుట్టినది మానడానికి నాలుగు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది కూడా పడుతుంది. అక్కడ చీము పట్టిందంటే మృదులాస్థి చెడి, చెవి ముడుచుకుపోవచ్చు.

2000వ సంవత్సరంలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఇలాగే జరిగింది. ఒక నగల దుకాణంలో చెవులు కుట్టించుకున్న ఏడుగురికి సూక్ష్మజీవులు సోకినట్లు పరీక్షల్లో తేలింది. ఏడుగురికీ కుట్టినది పై చెవికే. వారిలో నలుగురు ఆస్పత్రిలో చేరారు. చిత్రమేమిటంటే, ఆ సూక్ష్మజీవులు శుభ్రం చేసే మందు సీసాలోనే చేరివున్నాయి!

"మరి అమ్మమ్మకు ఏమీ కాలేదే?" అంటావు. నిజమే, ఆ రోజుల్లో పై చెవికి బావిలీలు పెట్టుకునేవారు. అయితే బాగా మానిన చెవులే మన కంటికి కనిపిస్తాయి. చీము పట్టి అవస్థపడినవారి సంగతి నగలపెట్టె చెప్పదు. సుశ్రుతసంహితలో పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టి, బొమ్మలు చూపి మరిపిస్తూ, ఎండ వెలుగు తమ్మెలోనుంచి కనిపించే చోట కుట్టాలని వున్నది. ఎంత జాగ్రత్తో చూడు! తెగిన తమ్మెలను అతికించే పద్ధతులు కూడా అందులోనే 15 వున్నాయి.

మొదటిసారి చెవులు కుట్టించినప్పుడు నిన్నెవరూ అడగలేదు. ఏడ్చావు, మరిచిపోయావు. చెవులు కడిగిన శ్రమ అమ్మది. ఈసారి అడుగుతున్నది నువ్వు, కనుక ఆ శ్రమ నీది కావాలి. నా ఉద్దేశం అడిగితే, పై చెవి మాట నువ్వు పెద్దయ్యేదాకా ఆపవచ్చు. తమ్మెకే మరొకటి కావాలంటే, రోజూ రెండు పూటలా దాన్ని కడుక్కునే ఓపిక నీకున్నట్లయితే, అమ్మ ఒప్పుకోవచ్చునని నేననుకుంటాను. ఇంట్లో ఎవరికైనా గాయం మానిన చోట కండ ఉబ్బి గట్టి కాయలా పెరిగే గుణం వుంటే మాత్రం ముందు డాక్టరును అడగండి. బడి నియమం కూడా కనుక్కోండి.

సూది కొత్తదై వుండాలి; ఒకరికి వాడిన సూది మరొకరికి పనికిరాదు. దుకాణాల్లో తుపాకీలా నొక్కే పరికరం మొద్దు మేకును బలంగా దూరుస్తుంది. పూర్తిగా శుభ్రం చేయడానికీ అది వీలుపడదు. కొందరికి నికెల్ కలిసిన చవక దుద్దులు పడవు, దురదపెట్టి నీరు కారుతుంది. ధనుర్వాతం టీకా సంగతి కూడా చూసుకోవాలి.

ఇక మీ పల్నాటివారికి ఒక ప్రత్యేకమైన మాట. మిరపకాయలకు తొడిమలు తీసిన చేతితో కొత్త కుట్టును ముట్టుకుంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు! మిరప పనులు ముగిసి, వేసవి సెలవులిచ్చిన వారంలో కుట్టించుకుంటే బడి తెరిచేనాటికి చాలావరకు మానుతుంది. ఈలోగా చెవి ఎర్రబడి, వేడెక్కి, నొప్పి ఎక్కువైతే పసుపు రాసి చూస్తూ కూర్చోవద్దు. ఆ రోజే డాక్టరుకు చూపించండి.