రామన్నపేట: జిల్లా హద్దులు మారాయి.. ఊరికి, వాడకి మధ్య గీత సంగతేంటి?

రామన్నపేట ఎక్కడుందని అడిగితే, ఏ ఏడాది లెక్క చెప్పాలో ముందు తేల్చుకోవాలి. 1948 సెప్టెంబర్ దాకా నిజాం ఏలుబడి. 1956 నవంబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబర్ 11న నల్గొండ జిల్లా నుంచి విడిపోయి యాదాద్రి భువనగిరిలో చేరింది. రామన్నపేట పేరుతో ఉన్న అసెంబ్లీ సీటు కూడా 2009 ఎన్నికల నాటికి రద్దయింది. మండలం నకిరేకల్ ఎస్సీ రిజర్వుడు స్థానంలో కలిసింది. అంటే కలెక్టరేట్ భువనగిరిలో, ఓటు నకిరేకల్‌లో!

ఇన్ని గీతలు చెరిగినా, ఊరికి వాడకి మధ్య గీత మాత్రం కదల్లేదు. ఉమ్మడి నల్గొండలో చాలా గ్రామాల్లో మాల, మాదిగ వాడలు ఇప్పటికీ ఊరికి ఓ పక్కనే ఉంటాయి. విచిత్రం ఏంటంటే, బొడ్రాయి పండుగలో పొలిమేర చుట్టూ పొలి చల్లాలన్నా, పాత రోజుల్లో పొలాల హద్దురాళ్లు చూపించాలన్నా ఆ వాడ మనుషులనే పిలిచేవారు. ఊరి హద్దు అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే. ఊళ్లో ఇల్లు మాత్రం ఉండదు.

దక్షిణాఫ్రికాలో జాతుల వారీగా నివాసాలను విడగొట్టింది 1950 నాటి చట్టం. 1991లో దాన్ని రద్దు చేశారు. మన దగ్గర అలా రద్దు చేద్దామన్నా గీత గీసిన చట్టమే లేదు. ఉన్నవన్నీ అంటరానితనాన్ని నిషేధించేవే.. రాజ్యాంగం 17వ అధికరణ, 1955 చట్టం, 1989 అట్రాసిటీ చట్టం. తమిళనాడులోని ఉత్తపురంలో 1989లో కట్టిన గోడ కళ్లకు కనిపించింది కాబట్టి, 2008లో కొంత భాగం కూల్చి దారి తెరిచారు. ఇక్కడ కూల్చడానికి గోడ కూడా లేదు.

పైగా సర్కారు ఇళ్ల స్థలాలు కూడా చాలాచోట్ల పాత వాడను ఆనుకునే వచ్చాయి. గుడిసెలు పోయి స్లాబు ఇళ్లు, సీసీ రోడ్లు వచ్చాయి. అది చిన్న మార్పేం కాదు. కానీ బోర్డు మీద 'ఎస్సీ కాలనీ' అని రాశాక, అడ్రస్ చెబితే కులం చెప్పినట్టే.

గీత దాటితే ఏమవుతుందో మిర్యాలగూడ చూసింది. 2018 సెప్టెంబర్ 14న, వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్న దళిత యువకుడిని ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అది పల్లె కాదు, పట్టణం. ఊరూ వాడా పక్కపక్కన కలిసిపోయినట్టు కనిపించే చోట కూడా గీత పెళ్లి దగ్గర బయటపడింది.

ప్రతి నెలా చివర్లో అధికారులు పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు. గుళ్లోకి రానిస్తున్నారా, హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉందా అని ఆరా తీస్తారు. ఇళ్ల స్థలాలు ఎక్కడ ఇచ్చారనేది కూడా అక్కడే అడగాలి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం, తొలి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే రూ.5 లక్షలు ఇస్తోంది. వాడలో ఉన్నవాళ్లకి ఆ సొంత జాగా ఉండేది వాడలోనే.