బండి కింది సామానుకు పరీక్ష ఏదీ?

కారుకో, జీపుకో లోయర్ ఆర్మ్ పాడైందని షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ అడిగే మొదటి మాట "కంపెనీది వేయమంటారా, లోకల్‌ది వేయమంటారా?" అని. ధరలో తేడా చూసి మనలో చాలామంది లోకల్‌దే వేయమంటారు. అందులో తప్పు లేదు. బయట తయారైన సామానంతా నాసిరకమూ కాదు. కాని అది ఎంత బరువుకు నిలుస్తుందో అమ్మేవానికీ తెలియదు, కొనేవానికీ తెలియదు. చిక్కంతా ఇక్కడే వుంది.

కొందరు తయారీదారులు తమ సామానును కంప్యూటరులో పరీక్షించామంటున్నారు. ఆ పరీక్ష ఏమిటో రైతు సోదరులు కూడా తెలుసుకోవాలి. వస్తువు బొమ్మను కంప్యూటరులో గీసి, దానిని వేలాది చిన్న ముక్కలుగా విభజించి, చక్రం వైపు నుంచి బరువు మోపుతారు. ఏ ముక్కపై ఎంత ఒత్తిడి పడిందో లెక్కకట్టి కంప్యూటరు రంగుల్లో చూపుతుంది. ఎర్రగా కనిపించిన చోట ఒత్తిడి ఎక్కువన్నమాట. తరచుగా అది బోల్టు రంధ్రం పక్కనో, వెల్డింగు అంచునో వుంటుంది. జనంతో కలిపి 2000 కిలోల బండి అయితే ఒక్కో చక్రంపై సుమారు 500 కిలోలు పడుతుంది. గోతిలో దిగినప్పుడు అందుకు మూడు రెట్లు, అంటే 1500 కిలోలు పడుతుందని ఇంజనీర్లు లెక్క వేసుకోవడం వాడుక. వస్తువు తయారు కాకముందే లోపం తెలుస్తుంది కనుక ఇది మంచి పద్ధతే.

అయితే కంప్యూటరుకు మనం చెప్పిందే వేదం. మంచి ఉక్కు అని చెప్పి నాసి ఉక్కు వాడితే అది పట్టుకోలేదు. పోతలో బుడగ, వెల్డింగులో లోపం దానికి కనిపించవు. పైగా ఇటువంటి సామాను ఒక్క దెబ్బకే విరగాలని లేదు. లక్షల కుదుపులు తిని, సన్నని పగులు పుట్టి, అది పెరిగి ఒకనాడు విరుగుతుంది. అందువల్ల తయారైన వస్తువును యంత్రానికి బిగించి లక్షలసార్లు కుదిపి చూడాలి. పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థల్లో ఇందుకు ఏర్పాట్లున్నాయి.

హారన్ చెడితే బండి నడుస్తుంది. లోయర్ ఆర్మ్ విరిగితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు మాట వినదు. పెళ్లికో, ఆస్పత్రికో పోయే ఏడెనిమిది మంది ప్రాణాలు ఆ ఇనుప ముక్క మీద వున్నాయి.

కాబట్టి డబ్బాపై ఉక్కు రకం, మోయగల బరువు, యంత్రంపై పరీక్ష జరిగిందీ లేనిదీ తెలుగులో ముద్రించాలి. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కళాశాలలు చిన్న కార్ఖానాలకు ఈ లెక్కలు చేసిపెడితే విద్యార్థులకూ పని వస్తుంది. ఫిట్‌నెస్ తనిఖీకి వచ్చిన బండిని రవాణా అధికారులు కిందికి వంగి చూడాలి. కొనేవారు బిల్లు లేనిదే సామాను తీసుకోరాదు. నాలుగు వందలు మిగిలాయని సంతోషించే ముందు, ఆ బండిలో ఎక్కేది మన పిల్లలేనని గుర్తుంచుకోవాలి.