మాకు ఓడిపోయే హక్కు కూడా కావాలి

నేను లెక్కల టీచర్ని. ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదికీ తొమ్మిదికీ పదికీ లెక్కలు చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషిని. మా అమ్మది వేలిముద్ర. మా నాయనది డప్పు. నాకు పద్నాలుగేళ్ల కూతురుంది, అది పరిగెత్తుద్ది. దాని గురించే ఈ నాలుగు మాటలు. అది గెలిచిందని చెప్పడానికి కాదు. గెలిస్తే చెప్పటానికి పేపర్లున్నాయి.

మా ఊళ్లో ఆటలంటే సంక్రాంతికే. బండలాగుడు పందేలు, చెడుగుడు పందేలు. ఎడ్లు ఊరోళ్లవి, బండ ఊరోళ్లది, జట్లు ఊరోళ్లవి. డప్పు మాది. మూడు రోజులూ మా నాయన గీత బయట నిలబడి డప్పు కొట్టేవాడు. చెయ్యి నొప్పెట్టి కాసేపు ఆపితే తిట్టేవాళ్లు. గుండెల నిండా ఊపిరున్న మనిషి. ఒక్కసారి గీత లోపలికి రానిస్తే ఎట్టా ఆడేవాడో నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. చెడుగుడంటే మనిషిని మనిషి పట్టుకునే ఆట. పట్టుకుంటే అంటు. అందుకని మాదిగోళ్లకి చెడుగుడు రాదని ఊరు తీర్మానం చేసుకుంది.

నేను బడికి పోయే రోజుల్లో ఆటల పోటీలకి ముందురోజు గ్రౌండు బాగుచెయ్యటానికి మా పల్లె పిల్లల్ని పిలిచేవాళ్లు. ముళ్లు ఏరింది మేమే. సున్నం గీతలు పోసింది మేమే. చేతులు పొక్కేవి. తెల్లారి పరుగుపందెంలో పేరిస్తామంటే బూట్లున్నాయా అని అడిగేవాళ్లు. బూట్లు లేవు. ఊరందరికీ చెప్పులు కుట్టిన తాత మనవరాలికి బూట్లు లేవు.

మా నాయన గీత బయట నిలబడ్డాడు. నేను గీత గీశాను. నా కూతురు గీత లోపల పరిగెత్తాలని పట్టుబట్టాను. ఇది దురాశ అంటారా? అనండి. మీ పిల్లల్ని మీరు క్రికెట్ కోచింగులకీ, టెన్నిస్ కోచింగులకీ తిప్పితే దానికి ప్రోత్సాహం అని పేరు. నేను తిప్పితే ఉద్యోగం కోసం ఆశ అని పేరు.

మొదట కబడ్డీలో పెట్టాను. మా నాయనకి దక్కనిది దీనికి దక్కాలని. కబడ్డీలో ఎవర్ని తీసుకోవాలో సెలక్షన్ చేసేవాళ్ల కన్ను చెబుద్ది. రెండేళ్లు ఆ కంటికి మా పిల్ల ఆనలేదు. అప్పుడు లెక్కల టీచరు బుర్రతో ఆలోచించి పరుగులోకి మార్చాను. 400 మీటర్లు. పరుగులో తీర్పు చెప్పేది స్టాప్‌వాచీ. స్టాప్‌వాచీకి కులం లేదు కదా అనుకున్నాను.

తెల్లారుజామున నాలుగున్నరకి లేస్తాను. వంట చేసి, పిల్లని స్కూటీ మీద పదకొండు కిలోమీటర్లు తీసుకుపోయి గ్రౌండులో దించి, అక్కడే గోడ పక్కన కూర్చుని పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటాను. తిరిగొచ్చి తొమ్మిదింటికి బళ్లో ఉంటాను. స్పైకు బూట్లకి రెండువేల చిల్లర. కాలు పెరిగినప్పుడల్లా మళ్లీ రెండువేల చిల్లర. పోటీలకి పోతే బస్సు ఛార్జీలు, లాడ్జి గది. పీఎఫ్‌లో లోను తీసింది ఇల్లు కట్టటానికి కాదు, పిల్ల కాళ్ల కోసం. మా ఆయన ఆటో తోలతాడు. పోటీలున్న రోజున ఆయన కిరాయిలు మానుకుంటాడు.

కోచ్ ఒక తిండి చీటీ రాసిచ్చాడు. బాదంపప్పు, పనీరు, పాలు. మంచిదే. అదే బలం మా ఇంట్లో తరతరాలుగా తక్కువ ధరకి దొరికే కూరలో ఉంది. పెద్దమాంసం. ఒకరోజు టిఫిన్ డబ్బాలో పెట్టాను. పిల్ల మూత తియ్యకుండానే తిరిగి తెచ్చింది. "మూత తీస్తే పక్కన కూర్చోరమ్మా" అంది. ఆ పూట ఎనిమిది రౌండ్లు ఉత్త కడుపుతో పరిగెత్తింది.

ఇక పోటీల దగ్గర షామియానా కింద కూర్చునే తల్లిదండ్రుల సంగతి. మంచిగానే పలకరిస్తారు. ఏం చేస్తారండీ? టీచర్ని. ఓహో. ఇంటిపేరేంటండీ? చెబుతాను. అది వాళ్లకి పట్టుబడదు. ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు? ఆ ప్రశ్న దగ్గర పట్టుబడుద్ది. ఆ తర్వాత ఫ్లాస్కులో కాఫీ నా దాకా రాదు. ఎవరూ ఏమీ అనరు. రాదంతే.

నిరుడు జిల్లా పోటీలు జరిగినయి. అండర్-14 అమ్మాయిలు, 400 మీటర్లు. మొదటి ఇద్దరు రాష్ట్రానికి పోతారని మైకులో చెప్పారు. మా పిల్ల రెండోది వచ్చింది. నేను చూశాను, మా అమ్మ చూసింది, మా ఆయన చూశాడు. మూడో పిల్లకీ దీనికీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా ఉంది. మర్నాడు ఫోన్లో జాబితా వచ్చింది. మొదటి పిల్ల పేరుంది. మూడో పిల్ల పేరుంది.

పోయి అడిగాను. అక్కడి పెద్దమనిషి కాగితం చూపించాడు. టైములు రాసున్నాయి. మా పిల్లది మూడో టైము. కాగితం మీద అంకె మారితే నేలమీద మంచమంత జాగా మాయమైపోద్దని నాకు ఏ లెక్కల పుస్తకంలోనూ చెప్పలేదు. స్టాప్‌వాచీకి కులం లేదు, నిజమే. అది పట్టుకున్న చేతికి ఉంది.

ఆయన కోప్పడలేదు. నవ్వుతూనే అన్నాడు. "మేడం, మీవాళ్లకి పరుగు రక్తంలోనే ఉంటది. ఇయ్యాల కాకపోతే రేపొస్తది. అయినా మీకు ఎట్టాగూ కోటా ఉందిగా, మళ్లీ ఈ స్పోర్ట్స్ కోటా ఎందుకు? పాపం, ఆ పిల్లకి ఏమీ లేదు."

నేనేమీ మాట్లాడలేదు. ఇది రాయటానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. బళ్లో అంబేద్కర్ జయంతికి గంటసేపు మాట్లాడే నేను నోరు తెరవలేదు. నేనూ అదే శాఖలో జీతం తీసుకునేదాన్ని. బదిలీ గుర్తొచ్చింది. సర్వీసు బుక్కు గుర్తొచ్చింది. చదువు నాకు నోరిచ్చిందంటారు. ఆ రోజున నోటికి తాళం కూడా అదే ఇచ్చింది. మాట్లాడింది వేలిముద్ర మా అమ్మ. "ఏం బాబూ, మా పిల్లది రక్తమే పరిగెత్తిందా, కాళ్లు పరిగెత్తలేదా? ఆ కాళ్లకి నూనె రాసింది నేను. నాకు తెలవదా?" అంది.

ఆ మాట దగ్గరే నా పేచీ అంతా ఉంది. అక్కలారా, అన్నలారా, గమనించండి. మా పిల్ల తరగతిలో వెనకబడితే బుర్ర లేదంటారు. తరగతిలో ముందుంటే రిజర్వేషన్ అంటారు. గ్రౌండులో ముందుంటే రక్తం అంటారు. ఏ లెక్కన చూసినా మా కష్టం లెక్కలోకి రాదు. నాలుగున్నరకి లేచిన తెల్లవారుజాములు, పొక్కిన పాదాలు, తెరవని టిఫిన్ డబ్బా, పీఎఫ్ లోను, ఇవన్నీ ఏ రక్తంలో ఉన్నాయి? మీ పిల్ల గెలిస్తే సాధన. మా పిల్ల గెలిస్తే పుట్టుక. కులమంటే ఇంతకన్నా ఏముంది?

ఇది మా జిల్లాలో మొదలైంది కాదు. 1911లో ఇంగ్లండు పోయిన భారత క్రికెట్ జట్టులో పల్వాంకర్ బాలూ ఉన్నాడు. చమార్ కులం. పూనాలో గ్రౌండు పని చేసుకుంటూ, తెల్లదొరలకి బంతులేస్తూ నేర్చుకున్నాడు. ఆ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి పూనాలో హిందువుల జట్టుకి ఆడేటప్పుడు టీ పెవిలియన్ బయట, విడి కప్పులో. ఆయన వేసిన బంతి పట్టుకుంటే అంటు లేదు, ఆయన తాగిన కప్పు పట్టుకుంటే ఉంది. ముంబాయి పోటీల్లో హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకి ఇవ్వలేదు. 1923లో గానీ ఆయన తమ్ముడు విఠల్‌కి అది దక్కలేదు.

వందేళ్లు గడిచాయి కదా అంటారు. 2021 టోక్యో ఒలింపిక్స్. హాకీలో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడపిల్ల ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టటం అదే మొదలు. నాలుగు రోజుల తర్వాత సెమీఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో ఓడిపోయింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారని ఇంటివాళ్లు చెప్పారు, పోలీసు కేసు అయింది. పదహారు మంది జట్టు ఓడితే ఒక్క దళిత ఇంటి ముందే టపాకాయలెందుకు పేలాయి? మేం గెలిస్తే దేశం గెలిచినట్టు, ఓడితే మా కులం ఓడినట్టు.

రక్తమే అయితే ఇంకో సంగతి చెప్పండి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. టీ కొట్టు నడుపుకునే ఇంటి పిల్ల అగసర నందిని అదే గురుకులాల నుంచి పోయి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. వీళ్ల ముందు తరాలవాళ్లకి రక్తం లేదా? ఉంది. లేనిది మూడు పూటల తిండి, కాలికి బూటు, నేర్పే మనిషి. అవి దొరికిన చోట పిల్లలు కొండలెక్కారు.

ఇప్పుడు కోటా సంగతి. 400 మీటర్ల పందెం మొదలయ్యే చోటు ఎప్పుడన్నా చూశారా? పిల్లలందరూ ఒకే గీత మీద నిలబడరు. బయటి వరసలోని పిల్ల ముందు నిలబడుద్ది, లోపలి వరసలోని పిల్ల వెనక నిలబడుద్ది. ఎనిమిది వరసలున్న ట్రాకులో ఎనిమిదో పిల్ల మొదటి పిల్లకన్నా సుమారు 53 మీటర్లు ముందుంటది. చూసేవాడికి అన్యాయంలా ఉంటది. కానీ బయటి వరస వంపు పెద్దది, దూరం ఎక్కువ. ఆ 53 మీటర్లు ముందు నిలబెడితేనే అందరూ సరిగ్గా 400 పరిగెత్తినట్టు. దాన్ని ఎవడూ రిజర్వేషన్ అనడు. మెరిట్ చచ్చిపోయిందని ధర్నాలు చెయ్యడు. లెక్క అంటాడు. ఊరికి బయటి వరసలో ఉన్నది మేమే కదా. మా వంపే పెద్దది. మేం అడిగిందీ లెక్కే.

ఇంకో నిజం కూడా చెప్పాలి. జాబితా వచ్చిన తర్వాత నేను మారిపోయాను. గీతకి అటూ ఇటూ కానంత ముందు రావాలి, ఎవడి చేతి వాచీ దాన్ని చెరపలేనంత ముందు రావాలి అని పిల్లని తోమాను. జ్వరంలో గ్రౌండుకి తీసుకుపోయాను. ఒకరోజు రానంటే చెయ్యి చేసుకున్నాను. అది ఏడవలేదు. "అమ్మా, వాళ్లకి మూడోది వచ్చినా చాలు. నాకు మొదటిది వస్తేనే రెండోదా?" అని అడిగింది. లెక్కల టీచర్ని, జవాబు చెప్పలేకపోయాను. కులం మా పిల్ల దగ్గర పతకం ఒక్కటే లాక్కోలేదు. ఆటలోని ఆటని కూడా లాక్కుంది. దానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

ఈ ఏడు అండర్-17లో మళ్లీ పోయాం. ఈసారి నేను షామియానా కింద కూర్చోలేదు. మా బడి స్టాప్‌వాచీ, ఒక నోటుబుక్కు పట్టుకుని పందెం ముగిసే గీత పక్కన నిలబడ్డాను. మా పిల్లదే కాదు, వచ్చినవాళ్లు వచ్చినట్టు అందరి నంబర్లూ రాశాను. గట్టిగా చదివాను. బోయవాళ్ల పిల్ల తండ్రి ఒకాయన, ముస్లిం అమ్మ ఒకావిడ వచ్చి పక్కన నిలబడ్డారు. వాళ్లతో సంతకాలు పెట్టించాను. అక్కడి పెద్దమనుషులు చూశారు. ఏమీ అనలేదు. జాబితా ఆ సాయంత్రమే, అందరి ముందే చదివారు.

మా పిల్ల నాలుగోది. నిజంగా నాలుగోది. దానికన్నా పెద్దపిల్లలు ముగ్గురు దానికన్నా బాగా పరిగెత్తారు. పోయి వాళ్లకి చేతులిచ్చి వచ్చింది. బస్సులో వేరుశెనక్కాయలు తింటూ వంపు దగ్గర తను ఎక్కడ ఆలస్యమైందో చెబుతానే ఉంది. ఏడాది తర్వాత దాని నోట ఆట మాట విన్నాను.

మన సభల్లో భూమి గురించి మాట్లాడతాం, చదువు గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతాం. గ్రౌండు గురించి మాట్లాడం. అక్కడ జాబితాలు రాసే చేతులు ఎవరివో అడగం. అడగండి. చదువుకున్న పిల్లలు ఒక్క ఆదివారం వచ్చి పందెం ముగిసే గీత పక్కన నోటుబుక్కుతో నిలబడండి. టైములు ఆ చోటే, అందరి ముందే చదవాలని పట్టుబట్టండి. పతకాలు ఇప్పించమని నేనడగటం లేదు. రెండోది వస్తే రెండోదని, నాలుగోది వస్తే నాలుగోదని రాయమంటున్నాను. అంతే. మా నాయనకి తను గెలుస్తాడో ఓడుతాడో తెలియకుండానే ఈ ఊరు చేసింది. నా కూతురికి తెలియాలి.