బాపు చేతిరాత... బ్రౌజరు తలరాత!

పెళ్లి శుభలేఖ వచ్చింది. మూలన పసుపు బొట్టు. లోపల 'చి.' అని అబ్బాయి పేరు, 'చి.ల.సౌ.' అని అమ్మాయి పేరు. ముహూర్తం ఎప్పుడో చూడకముందే చూపు అక్షరాల దగ్గర ఆగుతుంది. తలకట్టు ఒక్క విసురు. కొమ్ములో కాస్త కొంటెతనం. 'బాపు అక్షరాలు వేయించారే!' అంటుంది పక్కింటావిడ. కార్డు తయారైంది రాజమండ్రిలోనో భీమవరంలోనో. తయారుచేసిన కుర్రాడు బాపును ఎన్నడూ చూసి ఉండడు. కంప్యూటర్లో ఫాంటు పేరు ఎంచుకున్నాడు. అంతే!

ఆ 'అంతే' వెనక చాలా కథ ఉంది.

సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఎవరని అడుగుతారేమోగానీ, బాపు అంటే అడిగేవాళ్లుండరు. పుట్టింది 1933 డిసెంబరు 15న, గోదారి సముద్రంలో కలిసేచోటికి కూతవేటు దూరంలోని నరసాపురంలో. పెరిగిందీ చదివిందీ మద్రాసులో. 1955లో లా పట్టా పుచ్చుకుని, నల్లకోటు తొడగకుండా ఆంధ్రపత్రికలో కార్టూన్లు గీయడానికి వెళ్లిపోయారు. ప్రకటనల సంస్థ జె.వాల్టర్ థామ్సన్‌లోనూ పనిచేశారు. 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడయ్యాక కూడా కుంచె కింద పెట్టలేదు. కథకు బొమ్మ, పుస్తకానికి అట్ట, శీర్షికకు అక్షరం... 2014 ఆగస్టు 31న కన్నుమూసేదాకా ఆయన గీసినవి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే తెలుగువాళ్లకు దొరికిన మొదటి వరస గ్రాఫిక్ డిజైనరు.

ఇప్పటి డిజైనర్లు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది బొమ్మకన్నా ముందు అక్షరమేనేమో! ఇవాళ పోస్టరు చేయాలంటే బొమ్మ ఒకచోటి నుంచి వస్తుంది, అక్షరం ఇంకోచోటి నుంచి. రెండూ ఒకే కాగితం మీద ఉన్నా పక్కపక్క సీట్లలో కూర్చున్న అపరిచితుల్లా ఉంటాయి. బాపు అట్టల మీద బొమ్మనీ పేరునీ గీసింది ఒకటే చెయ్యి. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', వంశీ 'మా పసలపూడి కథలు'... వీటికి ఆయన వేసిన బొమ్మల్లో గీత ఎంత తక్కువో, వదిలేసిన చోటు అంత ఎక్కువ. ఖాళీ కనిపిస్తే అక్కడో పువ్వు, ఇక్కడో మెరుపు పెట్టమనే ఖాతాదారులకు ఆ అట్టలు చూపించాలి.

మరి ఆ చేతిరాత ఫాంటు అయితే ఏమవుతుంది? 'అమ్మమ్మ' అని రాసి చూడండి. చేత్తో రాస్తే రెండో 'మ్మ' మొదటిదానిలా ఉండదు. ఒకటి కాస్త వాలుతుంది, ఇంకోటి కాస్త సాగుతుంది. ఫాంటులో రెండూ కవలలే! చేతిరాత అన్న భ్రమ అక్కడే చెదిరిపోతుంది. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు దాచి, పక్క అక్షరాన్ని బట్టి మార్చే ఏర్పాటు నేటి ఫాంట్లలో సాధ్యమే. కానీ తెలుగులో ఆ శ్రమ పడినవాళ్లు తక్కువ. అందుకే చెయ్యి తిరిగిన డిజైనరు కోరల్‌డ్రాలో పేరు టైపు చేసి, దాన్ని గీతలుగా మార్చేసి, ఒక 'మ్మ' తోకను మౌస్‌తో కొద్దిగా లాగుతాడు. పది నిమిషాల పని. పెళ్లివారికి తెలియదు. కానీ కార్డు 'ఎందుకో బాగుంది' అంటారు.

అక్కడిదాకా కాగితం సంగతి. తెరమీదికి వచ్చేసరికి మొదలవుతుంది అసలు తిప్పలు.

రాజమండ్రికి అచ్చు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టిన ఊరు. పంచాంగాలూ, వ్రతకథలూ, శతకాలూ తెలుగునాట ఇంటింటికీ పంపిన ఊరు. సీసపు అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక అచ్చు పనంతా పేజ్‌మేకర్లోకి, అనూ ఫాంట్లలోకి మారింది. డీటీపీ ఆపరేటర్ల వేళ్లకు ఆపిల్ కీబోర్డు వరసలు కంఠతా వచ్చేశాయి. ఆ ఫాంట్లలో ఓ కిటుకు ఉంది. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తెరమీద మనకు కనిపించేది 'గోదావరి'. కంప్యూటరు అనుకునేది ఏవో ఇంగ్లిషు గుర్తులు. ఫాంటు ఉన్నంతసేపూ వేషం బాగానే ఉంటుంది. అదే ఫైలు ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే రంగు కడిగేసిన పగటివేషగాడే!

2000 తర్వాత తొలి ఏళ్లలో నెట్‌లో తెలుగు పేపరు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకోకపోతే పేజీ నిండా పిచ్చిగీతలు. ఈ గొడవకు మందు యూనికోడ్. దానిలో తెలుగుకు విడిగా 128 గళ్లున్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు చేరింది. గౌతమి అంటే మన గోదారే కదా! యూనికోడ్‌లో 'క' ఎక్కడికెళ్లినా 'క'యే. వెతికితే దొరుకుతుంది, కాపీ చేస్తే మారదు.

చిత్రమేమిటంటే, ఆ 128 గళ్లలో వత్తులకు విడిగా చోటు లేదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం వెనక కంప్యూటరుకు ఆరు ముక్కలుంటాయి. స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. వాటిని కలిపి ఒక్కటిగా చూపించే పూచీ ఫాంటుదీ సాఫ్ట్‌వేరుదీ. ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోవడం మరిచిపోతే వత్తులు విడిపోయి, పొల్లులు బయటపడతాయి. ఊళ్లో ఫ్లెక్సీల మీద అప్పుడప్పుడూ కనిపించే విడిపోయిన అక్షరాల్లో కొన్నిటి రహస్యం ఇదే.

తెలుగు వెబ్‌పేజీ చేసేవాడు మొదట కొలవాల్సింది అక్షరం కింద చోటు. ఇంగ్లిషుకు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. పైవరస వత్తు కిందివరస గుడికి తగులుతుంది. 'రాష్ట్రం' అన్న మాట బటన్ మీద పెడితే కింది 'ర' వత్తు తెగిపోతుంది. రెడీమేడ్ పేజీ నమూనాలు తయారుచేసినవాళ్లు వత్తు అనేదొకటి ఉంటుందని అనుకోలేదు మరి! ఇంకో చిక్కు లావు అక్షరాలతో. ఫాంటులో లావు రూపం లేకపోతే బ్రౌజరు తానే అక్షరాన్ని ఉబ్బిస్తుంది. దాంతో లోపలి సందులన్నీ పూడిపోయి 'మ'కూ 'య'కూ తేడా తెలియదు. అనుభవమున్నవాళ్లు లావు జోలికి పోకుండా సైజు పెంచుతారు, లేదా రంగు మారుస్తారు.

ఈ పనికి చేతిలో సరుకు దొరికింది 2010 తర్వాతే. ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి. మండలి, మల్లన్న, రామభద్ర, ధూర్జటి... వీటిలో చాలావాటిని రూపొందించింది పురుషోత్ కుమార్ గుత్తుల. శీర్షికల కోసం చేసిన ఒకదాని పేరు 'గిడుగు'. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1936లో పర్లాకిమిడి వదిలి వచ్చి స్థిరపడింది రాజమండ్రిలోనే. ఆయన పేరు పెట్టుకున్న అక్షరాలతో ఆ ఊరి దుకాణాలు పేజీలు కట్టుకోవచ్చు, పైసా ఇవ్వకుండా.

కట్టుకోవాల్సిన అవసరమూ ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టె మీద పేరు, పెట్టె లోపలి చీటీ, అమ్మే వెబ్‌పేజీ... మూడూ ఒకే డిజైనరు దగ్గరికి వచ్చే రోజులు. పెట్టెకు బాపు అక్షరాలు కావాలంటారు. బాగుంటాయి కూడా. అదే పేరును వెబ్‌పేజీలో బొమ్మగా అతికిస్తే మాత్రం 'పూతరేకులు' అని తెలుగులో వెతికినవాళ్లకు ఆ మాట దొరక్కపోవచ్చు. బొమ్మ పైన ఉంచి, కింద అదే పేరును యూనికోడ్‌లో మళ్లీ రాయాలి. పెట్టె ఫైలు పాత ఫాంటులో ఉంటే మార్పిడి చేసే సాఫ్ట్‌వేర్లున్నాయిగానీ, మారాక ప్రతి అక్షరమూ కళ్లతో చూసుకోవాల్సిందే. ఒక్క చీటీ అయితే సరే. ఇరవై ఏళ్ల పుస్తకాలు పాత ఫాంట్లలో ఉండిపోయిన ప్రచురణకర్త మాటేమిటి? ఆ కళ్లకు కూలి ఎవరిస్తారు?

శుభలేఖ సంగతీ ఇంతే. ఇప్పుడది అచ్చుకన్నా ముందు వాట్సాప్‌లో వస్తోంది, బొమ్మగా. ముచ్చటైన అక్షరాలు. కానీ కల్యాణ మండపం పేరును వేలితో నొక్కిపట్టి కాపీ చేసి మ్యాప్‌లో వెతుకుదామంటే చాలా ఫోన్లలో కుదరదు. తెలిసిన డిజైనరయితే బొమ్మతోపాటు మండపం పేరు, ఊరు, ముహూర్తం మామూలు తెలుగు అక్షరాల్లో టైపు చేసి విడిగా పంపుతాడు. దానికి ఓ వంద రూపాయలు అదనంగా అడిగి చూడమనండి... 'రెండు ముక్కలు టైపు చేసినందుక్కూడానా బాబూ!' అంటారు పెళ్లికూతురి నాన్నగారు.